గొళ్ళెం

కాకినాడలో ఇంజనీరింగు చదువుకునే అయిదుగురు స్నేహితులు ఒక దెయ్యం కథని పొట్టి సినిమాగా తీయాలనుకున్నారు. నిడివి పన్నెండు నిమిషాలు. ఒకడు దర్శకుడయ్యాడు, ఒకడు కెమెరా పట్టాడు, ఒకడు శబ్దం చూసుకున్నాడు. ఒక అమ్మాయి రంగులూ బట్టలూ చూసింది, ఇంకో అమ్మాయి కథానాయిక వేషం వేసింది. దెయ్యం వేషం మాత్రం ఎవరూ వేయలేదు. దాన్ని చూపించేంత డబ్బు వాళ్ళ దగ్గర లేదు. అదే మేలయిందని నా నమ్మకం. తలుపు అవతల ఏముందో తెలియకపోతే మనిషి తనకి బాగా తెలిసిన భయాన్నే అక్కడ నిలబెట్టుకుంటాడు.

కోనసీమలో కెమెరా కుర్రవాడి మేనత్తగారిది ఒక పాత మండువా ఇల్లు ఉంది. దాన్ని పడగొట్టడానికి బేరం కుదిరిపోయింది. తలుపులూ దూలాలూ కొనుక్కున్నవాళ్ళు సోమవారం పొద్దున్నే బండి తీసుకుని వస్తామన్నారు. ఆలోగా ఇల్లు పిల్లల ఇష్టం. అలా వాళ్ళకి నాలుగు రాత్రులు చిక్కాయి.

మొదటి రాత్రి ట్యూబులైటు కింద తీసిందంతా తెర మీద వణికింది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కనక ఆ దీపం 100 సార్లు వెలిగి ఆరుతుంది. కంటికి అది తెలియదు, ఫోను కెమెరాకి తెలిసిపోతుంది. షట్టరుని సెకనులో 50వ వంతుకి కట్టాక వణుకు ఆగింది. నెత్తురికి పసుపులో సున్నం కలిపారు, దిష్టి తీసే ఎర్రనీళ్ళలాగే. వోణీ అంచుకి పూసిన ఆ ఎరుపు మర్నాడు ఎండలో ఆరేసరికి వెలిసిపోయింది. రంగుల అమ్మాయి ప్రతి సాయంత్రం మళ్ళీ కలిపి, ముందురోజు బొమ్మ పక్కన పెట్టి చూసుకుంటూ, అదే చోట అంతే మేర పూసింది. ఇలాంటి పని చేసినవాళ్ళకే దాని కష్టం తెలుస్తుంది.

అసలు కెమెరా పెట్టకముందే శబ్దం కుర్రవాడు ఒక షరతు అడిగాడు. 1999లో వచ్చిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ గురించి అతనూ చదివాడు, దర్శకుడూ చదివాడు. చెరో సగం గుర్తుపెట్టుకున్నారు. అమెరికాలో మేరీలాండ్ అడవిలో ముగ్గురు నటులని ఎనిమిది రోజులు తిప్పి, రోజురోజుకీ తిండి తగ్గించి, రాత్రిళ్ళు వాళ్ళ గుడారాన్ని కుదిపి భయపెట్టారన్న సంగతి దర్శకుడికి గుర్తుంది. ఆ నటులు టాకో అన్న ఒక తినుబండారం పేరు గుర్తుగా పెట్టుకున్నారనీ, ఎవరు ఆ మాట అన్నా నటన ఆగిపోవాలన్న కట్టుబాటు ఉండేదనీ శబ్దం కుర్రవాడికి గుర్తుంది. మనకీ అలాంటి మాట ఒకటి ఉండాలని అతను పట్టుబట్టాడు. అందరూ కలిసి ఆవకాయ అన్న మాట ఖాయం చేశారు. దెయ్యాన్ని చూసి బెదిరినవాళ్ళ నోట పొరపాటున కూడా రాదు కదా. దర్శకుడు కూడా సరేనన్నాడు. మూడు రాత్రులు ఆ మాట అవసరమే పడలేదు.

చివరి రాత్రికి చివరి ఘట్టం మిగిలింది. కథానాయిక ధాన్యపు కొట్టులో దాక్కుంటుంది. బయట ఎవరో తలుపు కొడతారు, గీకుతారు, ఊరుకుంటారు. చాలాసేపటికి ఆమె తలుపు లాగి తెరుస్తుంది. మండువాలో ఎవరూ ఉండరు. అంతటితో సినిమా అయిపోతుంది.

కొట్టు చాలా ఇరుకు. అందుకని ఫోనుని స్టాండు మీద లోపలే బిగించి, గూట్లో చిన్న దీపం పెట్టి, అమ్మాయిని ఒక్కదాన్నే ఉంచారు. ఆమె వోణీ లోపల కాలరుమైకు పెట్టారు. శబ్దం కుర్రవాడు బయట అరుగు మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. తలుపు నాలుగంగుళాల టేకు చెక్క. లోపలి మాట బయటికి వినిపించాలంటే ఆ మైకు ఒక్కటే దారి.

అమ్మాయి రెండుసార్లు చేసింది. రెండుసార్లూ తలుపు దగ్గరే నిలబడింది. కొట్టు వెనక మూల చీకటిగా ఉంది, అటు వెళ్ళలేకపోయింది. చక్కగా చేసింది కానీ దర్శకుడికి చాలలేదు. అతని బుర్రలో ఇంకో సినిమా మెదిలింది. 1973 నాటి ‘ది ఎక్సార్సిస్ట్’లో తల్లి వేషం వేసిన ఎలెన్ బర్స్టిన్‌ని నడుముకి కట్టిన తాడుతో గట్టిగా వెనక్కి లాగారు. ఆమె వెన్నుకి దెబ్బ తగిలింది. ఆ నొప్పితో పెట్టిన కేకే సినిమాలో ఉండిపోయింది. ఇదంతా చదివిన దర్శకుడి మనసులో కేక నిలిచింది, దెబ్బ నిలవలేదు. కథంతా ఇక్కడే మలుపు తిరిగింది.

మూడోసారి తలుపు మూశాక అతను చప్పుడు కాకుండా బయట గొళ్ళెం పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. తలుపు కొట్టాడు, గోళ్ళతో గీకాడు, తర్వాత ఊరుకున్నాడు. అమ్మాయి లోపలినుంచి తలుపు లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. ఆమె ఊపిరి మారింది. దర్శకుడు అవతల చెవి ఆనించి, అనుకున్నది దొరుకుతోందని పొంగిపోయాడు. అతనికి వినిపించింది గొళ్ళెం అదురు మాత్రమే.

హెడ్‌ఫోన్లలో వేరే వినిపించింది. ఆవకాయ. చాలా చిన్నగా, ఒకసారి. తర్వాత ఇంకోసారి, ఏడుపు కలిసి.

శబ్దం కుర్రవాడు అరుగు మీదనుంచి దూకాడు. దర్శకుడు చెయ్యెత్తి ఆగమని సైగ చేశాడు. అతను ఆగలేదు. గొళ్ళెం లాగేసి తలుపు నెట్టి, నేరుగా కెమెరా ఎదుటికే వెళ్ళి నిలబడ్డాడు. షాట్ పోయింది.

అప్పటికి తెల్లవారుజాము మూడు దాటింది. ఇంకో మూడు గంటల్లో బండి వచ్చి తలుపులు పట్టుకుపోతుంది. దర్శకుడు అందరి ముందూ కోపంతో ఊగిపోయాడు. నాలుగు రాత్రుల కష్టం ఒక్క క్షణంలో మట్టిపాలు చేశావని శబ్దం కుర్రవాడిని నిందించాడు. అతను బదులు చెప్పలేదు. అమ్మాయి ఎవరినీ ఏమీ అనలేదు. వెళ్ళి తులసికోట గట్టు మీద కూర్చుంది. రంగుల అమ్మాయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఆమె చేతులకంటిన ఎర్రనీళ్ళు తుడిచింది. చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

దర్శకుడు ఆ చేతుల వంక చూశాడు. నాలుగు రాత్రులుగా ఫోను తెర మీద ఆమె ముఖాన్ని చూసినవాడు, ఆమెని తిన్నగా చూడటం బహుశా అదే మొదటిసారి. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత సామాన్ల సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని కొట్టు తలుపు దగ్గరికి వెళ్ళాడు. పాతకాలపు మేకులు, తుప్పు పట్టి ఉన్నాయి. వేళ్ళు గీరుకుపోయాయి. గొళ్ళేన్ని కొండీతో సహా ఊడదీసి, తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. క్షమించమని అడిగాడు. ఇక తీయొద్దు, ఇంతటితో ఆపేద్దామన్నాడు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కాసేపటికి తనే లేచి, ఇంకొక్కసారి చేస్తానంది. గొళ్ళెం గుప్పిట్లో బిగించి, ఆ చెయ్యి వోణీ కింద దాచుకుని లోపలికి నడిచింది. శబ్దం కుర్రవాడు ఈసారి అరుగు మీద కూర్చోలేదు. హెడ్‌ఫోన్లతోనే తలుపుకి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. కొట్టడం, గీకడం మళ్ళీ మొదలయ్యాయి.

ఆమె తలుపు దగ్గర ఆగలేదు. మూడుసార్లూ వెళ్ళలేని ఆ వెనక మూలకి వెళ్ళిపోయింది. గోడకి వీపు ఆనించి, దీపం వెలుగు సగం ముఖం మీదే పడేటట్టు ఒదిగి కూర్చుంది. శబ్దం ఆగిపోయాక కూడా చాలాసేపు కదల్లేదు. తర్వాత చేత్తో తడుముకుంటూ వచ్చి తలుపు లాగింది. అది సులువుగా తెరుచుకుంది. మండువాలో ఎవరూ లేరు. పక్కకి తప్పుకున్న నలుగురూ ఊపిరి బిగబట్టి ఉన్నారు.

షాట్ అయ్యాక శబ్దం కుర్రవాడు అలవాటుగా ముప్పై సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేశాడు. ఆ నిశ్శబ్దం చివర ఊళ్ళో కోడి కూసింది.

మూడోసారి తీసింది ఎలా వచ్చిందో ఎవరూ చూడలేదు. దర్శకుడు బస్సెక్కకముందే దాన్ని చెరిపేశాడు. బండి వచ్చి తలుపులు ఎత్తుకుపోయింది. కొట్టు తలుపుకి గొళ్ళెం ఏదని కొనుక్కున్నవాళ్ళు అడిగితే, దాని ఖరీదు పిల్లలే కట్టారు.

ఈ కథలో గొళ్ళెం పెట్టినవాడూ స్నేహితుడే, తీసినవాడూ స్నేహితుడే, సినిమా బాగా రావాలని ఇద్దరూ ఒకేలా కోరుకున్నారు. ఒకరి భయాన్ని మన పనికి అడిగి పుచ్చుకునేటప్పుడు, ఆ భయంలోంచి బయటపడే దారిని ముందు వాళ్ళ చేతికే అప్పగించాలి. ఆ అమ్మాయి చీకటి మూల దాకా వెళ్ళగలిగింది గుప్పిట్లో ఆ ఇనుము ఉన్నందుకు, తలుపు అవతల ఒకడు చెయ్యి ఆనించి వింటున్నందుకు.