తేలికపాటి గాలం

"తినని చేపని పట్టడం దేనికండీ?" అని మా ఆవిడ నన్ను మొదటిసారి అడిగి పన్నెండేళ్ళు దాటింది. అప్పట్లో నా దగ్గర జవాబు రెడీగా ఉండేది. పట్టినదాన్ని మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తున్నాను కదా, ఓ ఐదు నిమిషాల ఇబ్బంది తప్ప దానికి వచ్చిన నష్టమేముంది అనేవాణ్ణి. "ఆ ఐదు నిమిషాలూ మీ మూతికి కొక్కెం తగిలించుకుని అప్పుడు చెప్పండి" అనేసి ఆవిడ పోపు పని చూసుకునేది. నేను గరాజ్‌లోకి పోయేవాణ్ణి.

గరాజ్‌లో నా పని గాలపు కర్రలు కట్టడం. షాపులో వంద డాలర్లకి దొరికే కర్రని, రెండు వందల యాభై ఖర్చుపెట్టి, మూడు వారాంతాలు నడుం వంచి మన చేత్తో మనమే తయారుచేసుకోవడం అన్నమాట. ఈ పిచ్చి ఉన్నవాళ్ళు అమెరికాలో చాలామందే ఉన్నారు. చేపలు పట్టడంలో నా ప్రతిభ అంతంతమాత్రం. కర్ర కట్టడంలో మాత్రం చెయ్యి తిరిగినవాణ్ణేనని మా ఆవిడ కూడా ఒప్పుకుంటుంది.

మా ఊళ్ళో కర్ర ఎంచుకోవడానికి పట్టే టైము ఎంత? మా మేనమామ కత్తి పట్టుకుని కాలవగట్టుకి పోయి, పొదలోంచి సన్నటి వెదురు ఒకటి నరికి, నిప్పు సెగ చూపించి వంకర తీసి, కొనకి నైలాన్ తాడు కట్టేవాడు. బెండు, కొక్కెం, వానపాము. అంతే. రీలు లేదు గనక తగిలిన చేపతో బేరాలు లేవు. ఒక్క లాగుతో గట్టు మీద పడేది, రాత్రికి పులుసులో ఉండేది. (కొరమేను కోసం మాత్రం బతికున్న కప్పని కొక్కేనికి గుచ్చేవాడు. ఆ కప్పని తలుచుకుంటే మా మామయ్యది అహింసా మార్గమని అనలేను.)

ఆ వెదురుకీ ఇక్కడి కర్రలకీ దూరపు చుట్టరికం ఒకటి ఉంది. 19వ శతాబ్దంలో అమెరికా పనివాళ్ళు వెదురుని నిలువునా చీల్చి, బద్దల్ని జిగురుతో అతికించి కర్రలు చేయడం మొదలుపెట్టినప్పుడు వాడింది మన వైపు నుంచి ఓడెక్కి వచ్చిన 'కలకత్తా కేన్'. తర్వాత దక్షిణ చైనా నుంచి టాంకిన్ వెదురు వచ్చి దాన్ని పక్కకి నెట్టింది. 1950లో చైనాతో వ్యాపారాన్ని అమెరికా నిషేధించాక ఫైబర్‌గ్లాస్ రాజ్యమేలింది. 1973లో ఫెన్‌విక్ కంపెనీ గ్రాఫైట్ కర్ర తెచ్చింది. ఇప్పుడు ఎక్కడ చూసినా ఎక్కువ భాగం కార్బన్ పోగులే.

ఏ తగిలింపులూ లేని ఒట్టి కడ్డీని 'బ్లాంక్' అంటారు. రెజిన్ పట్టించిన కార్బన్ షీటుని కొలత ప్రకారం కత్తిరించి, కొసకి పోయేకొద్దీ సన్నబడే ఉక్కు ఊచ చుట్టూ చుట్టి, పైన టేపు బిగించి, ఓవెన్‌లో కాల్చి, చివరికి ఊచని లాగేస్తారు. లోపల బోలుగా ఉండే గొట్టం మిగులుతుంది. షీటు ఎంత చుట్టారు, ఎక్కడ చుట్టారు అన్నదాన్ని బట్టి దాని స్వభావం. దీన్ని చెప్పడానికి రెండు మాటలున్నాయి. వంచడానికి ఎంత బలం కావాలన్నది పవర్. ఏ చోట వంగుతుందన్నది యాక్షన్. ఫాస్ట్ అయితే పై మూడోవంతే వంగుతుంది, స్లో అయితే పిడి దాకా వంగుతుంది. ఈ రెండూ వేరువేరని కొత్తవాళ్ళకి చెప్పడానికి నాకు అరగంట పడుతుంది. కొస మెత్తగా ఉంది గదా అని కర్ర బలహీనమైనది అనుకుంటారు.

షీటు పొరలు ఒకదాని మీద ఒకటి పడిన చోట కడ్డీకి ఒక వెన్ను ఏర్పడుతుంది. అడుగుని బల్ల మీద ఆనించి, కొసని అరచేతిలో పట్టుకుని, మధ్యలో నొక్కుతూ దొర్లిస్తే ఒకచోట టక్కున తిరుగుతుంది. లైను వెళ్ళే గైడ్లు ఆ వెన్ను వైపు ఉండాలా, ఎదురు వైపు ఉండాలా, అసలీ గొడవ పట్టించుకోవాలా అన్న విషయం మీద కర్రలు కట్టేవాళ్ళలో అద్వైత, విశిష్టాద్వైతాల స్థాయిలో వాదాలు జరుగుతాయి. నేను ఆ వెన్ను చూస్తాను. చూడకపోతే ఏమవుతుందని అడిగితే చెప్పలేను.

మిగతావన్నీ తర్వాత. పిడికి పోర్చుగల్ కార్క్ (చెట్టుని కొట్టరు, తొమ్మిదేళ్ళకోసారి బెరడు ఒలుస్తారు), గైడ్లకి లోపల సిలికాన్ కార్బైడ్ రింగులు, కర్ర ఎన్ని అడుగులుంటే అంతకి ఒకటి కలిపినన్ని గైడ్లు అనే మోటు లెక్క, వాటిని కట్టే నైలాన్ దారం, దాని మీద ఎపాక్సీ. వీటిలో తప్పు జరిగితే చాలావరకు విప్పి మళ్ళీ కట్టుకోవచ్చు. బ్లాంక్ మాత్రం ఒకసారి ఎంచుకున్నాక అంతే. ఆ కర్ర చేపని ఎంత గట్టిగా లాగగలదో బ్లాంక్ ఆర్డర్ చేసిన రోజే తేలిపోతుంది. చేప ఎంతసేపు కష్టపడుతుందన్నది కూడా ఆ రోజే తేలిపోతుందని నాకు చాలాకాలం తట్టలేదు.

2024 వసంతంలో మా అబ్బాయి "నాన్నా, నాకో అల్ట్రాలైట్ కట్టిపెట్టు" అన్నాడు. వాడికి పదహారేళ్ళు. అమ్మ పెట్టమన్న గిన్నెలు డిష్‌వాషర్‌లో పెట్టని వయసులో నాన్న కట్టిన కర్ర కావాలని అడిగాడంటే ఏ తండ్రికైనా ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అల్ట్రాలైట్ అంటే అన్నిటికన్నా తక్కువ పవర్ ఉన్న రకం. జానెడు చేప తగిలినా కర్ర విల్లులా వంగిపోతుంది, చేతిలో తిమింగలం ఉన్నట్టుంటుంది. సరదా అంతా అక్కడే. ఆరడుగుల బ్లాంక్, రెండు నుంచి ఆరు పౌన్ల లైనుకి సరిపోయేది, ఈకలా తేలికైనది వెతికి తెప్పించాను. ఆకుపచ్చ దారం, అంచుల్లో బంగారు రంగు గీత. అంత శ్రద్ధగా నేను ఇంకే కర్రా కట్టలేదు.

జులై మొదట్లో ఒక శనివారం పొద్దున్నే, మేరీలాండ్‌లో చెసపీక్ బేలో కలిసే ఒక పాయ దగ్గరికి వెళ్ళాం. వైట్ పెర్చ్ కోసం. చిన్న చేపలు, వేపుడుకి బాగుంటాయి, వాటినైతే మా ఆవిడ కూడా కాదనదు. మావాడు నాలుగు పౌన్ల లైనుతో చిన్న స్పిన్నర్ విసిరాడు. దానికి వచ్చి తగిలింది రాక్‌ఫిష్, అంటే ఇక్కడివాళ్ళు స్ట్రైప్‌డ్ బాస్‌కి పెట్టుకున్న పేరు. ఆరేడు పౌన్లుంటుంది.

లైను తెగే బరువులో పావు వంతుకి, మహా అయితే మూడో వంతుకి డ్రాగ్ బిగించాలని వాడికి నేర్పింది నేనే. నాలుగు పౌన్ల లైనుకి పావు వంతంటే ఒక్క పౌను. ఒక పౌను బలంతో ఆరేడు పౌన్ల చేపని, పరిగెత్తేదాన్ని, ఎవరూ లాగలేరు. మావాడు దాన్ని లాగడం లేదు, అలిసిపోయేదాకా కాపలా కాస్తున్నాడు. ఇరవై ఐదు నిమిషాలు. నాకెలా తెలుసంటే ఫోనులో వీడియో తీశాను. అందులో వాడి మొహం వెలిగిపోతూ ఉంటుంది, వెనకాల నా గొంతు "శభాష్, శభాష్" అంటూ ఉంటుంది.

చేప అలా కొట్టుకుంటున్నంతసేపూ దాని కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. వేడెక్కిన నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ గనక కోలుకోవడం కష్టం. ఇది నాకు తెలియని విషయం కాదు. ఇక్కడి సహజ వనరుల శాఖ ఎండాకాలంలో ఈ చేప కోసం రోజువారీ సూచనలిస్తుంది. ఎండ 95 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన ఉంటుందనుకున్న రోజుకి ఎర్రజెండా. ఆ రోజు రాక్‌ఫిష్ జోలికి పోవద్దని. మేం వెళ్ళింది పెర్చ్ కోసం కదా అని నేను చూడలేదు.

కొలిస్తే 26 అంగుళాలుంది. 2024 మే నుంచి బేలో 19కీ 24కీ మధ్య ఉన్నదాన్నే ఉంచుకోవాలి. సరే, వదలాల్సిందే. తోక దగ్గర పట్టుకుని, మొప్పల్లోకి నీళ్ళు వెళ్ళేలా ముందుకి నడిపిస్తూ పది నిమిషాలు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాం. చెయ్యి తీసినప్పుడల్లా పక్కకి ఒరిగిపోయింది. చివరికి తెల్లటి పొట్ట పైకి తేలింది. "చచ్చిపోయింది కదా, ఇంటికి తీసుకెళ్దామా?" అన్నాడు వాడు. కొలత దాటితే చచ్చిందైనా నీళ్ళలోనే వదలాలి. వదిలి గట్టెక్కేలోపే సీగల్స్ వచ్చాయి.

కారులో చాలాసేపటికి "నేనేం తప్పు చేశాను నాన్నా?" అన్నాడు.

వాడు ఏ తప్పూ చేయలేదు. నేను చెప్పినట్టే కర్ర పట్టుకున్నాడు, చెప్పినంతే డ్రాగ్ బిగించాడు. అదే చెప్పాను. తప్పు నీది కాదు, కర్రది అన్నాను. కర్ర ఎవరిదని వాడు అడగలేదు.

వదిలేసిన రాక్‌ఫిష్‌లో నూటికి తొమ్మిది చనిపోతాయన్న అంచనాతో మత్స్యశాఖల వాళ్ళు లెక్కలు కడతారు. చాలా రోజులు ఆ తొమ్మిదిని పట్టుకుని నన్ను నేను ఓదార్చుకున్నాను. మాది ఆ తొమ్మిదిలో ఒకటి, ఖర్మ. కానీ ఆ తొమ్మిదిలోకి వెళ్ళేది ఏ చేప అన్నది చీట్లు తీసి తేల్చరు. నీటి వేడి, కొక్కెం దిగిన చోటు, చేప నీళ్ళ బయట ఉన్న సేపు, పోరాటం సాగిన సేపు అన్నీ అందులో ఉన్నాయి. ఈ చివరిదాన్ని నేను వసంతంలోనే, కేటలాగ్ ముందు కూర్చుని, కాఫీ తాగుతూ నిర్ణయించేశాను.

చేపలకి నొప్పి తెలియదు కదా అనే దారి ఒకటి ఉంది. 2002లో జేమ్స్ రోజ్ అనే శాస్త్రవేత్త అలాగే వాదించాడు, నొప్పిని నొప్పిగా అనుభవించే మెదడు పొర వాటికి లేదన్నాడు. మరుసటి ఏడే లిన్ స్నెడ్డన్, ఆవిడ తోటివాళ్ళు రెయిన్‌బో ట్రౌట్ తలలో గాయాన్ని పసిగట్టే నాడులున్నాయని చూపించారు. పెదవుల్లోకి ఆమ్లం ఎక్కించిన చేపలు మూతిని గులకరాళ్ళకేసి రుద్దుకున్నాయట. మా ఆవిడ ఈ పరిశోధనలేవీ చదవకుండానే కొక్కెం మూతికి తగిలించుకోమంది.

ఇంకో దారి మహాభారతంలో ఉంది. మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడు కౌశికుడితో, నేను స్వయంగా చంపను, వేరేవాళ్ళు చంపినదాన్ని అమ్ముతాను అంటాడు. నాగలి దున్నినా మట్టిలో జీవాలు చస్తాయి, హింస లేకుండా ఎవరు బతుకుతున్నారు అంటాడు. నేనూ చంపను, కర్ర కట్టి ఇస్తాను. చిన్నప్పటినుంచీ నాకు ఆ కథంటే ఇష్టం కాబట్టి కొన్నాళ్ళు దాని నీడన కూర్చున్నాను. కానీ ఆయనకది కులవృత్తి, దాని మీద తల్లిదండ్రుల్ని పోషించాడు. నేను సాఫ్ట్‌వేర్ మీద బతుకుతున్నాను. నా కర్రల వల్ల ఎవరి పొయ్యీ వెలగదు.

చట్టాల్ని అడిగితే అవి ఒకదానికొకటి ఎదురు మాట్లాడతాయి. స్విట్జర్లాండ్‌లో 2009 నుంచి, వదిలేయాలనే ఉద్దేశంతో చేపలు పట్టడం నిషేధం. తినేట్టయితే పట్టు, సరదాకి బాధపెట్టకు అని. ఇక్కడేమో తిందామన్నా కొలత దాటితే వదలాల్సిందే, లేకపోతే గుడ్లు పెట్టే పెద్ద చేపలు మిగలవు. రెండూ సబబుగానే ఉన్నాయి. ఒకటి చేపని చూస్తోంది, ఇంకొకటి చేపల జాతిని చూస్తోంది. ఆ రోజు నా చేతుల్లో ఉన్నది మాత్రం ఒక్క చేప.

మరి మానేశావా అని మీరడుగుతారు. లేదు. మానేయాలన్న వాదనకి నా దగ్గర జవాబు లేదు, అయినా మానలేదు. పెద్దమనిషిలా ఈ మాట ఒప్పుకోవడం తప్ప దీనికి నేను వేసే రంగులేమీ లేవు. నేను చేసింది చాలా చిన్నది. పెద్ద చేపలు తిరిగే నీళ్ళకి అల్ట్రాలైట్ కట్టడం ఆపేశాను.

దానికీ ఒక స్నేహం కాస్త పలచబడింది. ఇక్కడ మాకు బాగా కావలసిన పెద్దాయన ఒకరు, నాకు అన్నయ్య వరస, రాక్‌ఫిష్‌కే ప్రత్యేకంగా తేలికపాటి కర్ర కట్టమని అడిగారు. మీడియం పవర్, పన్నెండు పౌన్ల లైను అయితే కట్టిస్తానన్నాను. "ట్రాక్టర్‌తో ఉడతని లాగినట్టుంటుందయ్యా, ఇక సరదా ఏముంది?" అన్నారు. నాకు అర్థమైంది ఆయన మాట. సరదా అంటే చేప గెలవడానికి కొంత వీలుండడం, అది న్యాయమైన ఆట అని ఆయన ఉద్దేశం. ఎవరు గెలిచినా కొక్కెం ఉండేది ఒక్కరి మూతిలోనే కదన్నయ్యా అన్నాను. అనకుండా ఉండాల్సింది. "నువ్వు కట్టకపోతే షాపులో దొరకదా?" అన్నారు. దొరుకుతుంది. దొరికింది కూడా. ఈ మధ్య ఉగాది ఫంక్షన్‌లో కనబడితే నా ఉద్యోగం సంగతీ పిల్లల చదువుల సంగతీ అడిగారు, చేపల మాట ఎత్తలేదు.

పోయిన చలికాలంలో మావాడికి కొత్త కర్ర మొదలుపెట్టాం. బల్ల మీద రెండు కడ్డీలు పెట్టాను, ఒకటి మీడియం లైట్, ఇంకొకటి మీడియం. ఏదీ చెప్పలేదు. వాడు ఒక్కోదాన్ని పిడి దగ్గర పట్టుకుని, నేను కొసకి కట్టిన ఇసక సంచీని నేలమీంచి లేపి చూశాడు. మీడియం లైట్ బాగా వంగి, సంచీని కొంచెం ఆలస్యంగా లేపింది. ఊపితే ఎంత బాగుంటుందో వాడికీ తెలుస్తోంది, నాకూ తెలుస్తోంది. చాలాసేపు రెండూ మార్చి మార్చి పట్టుకున్నాడు. చివరికి మీడియం బల్ల మీద పెట్టి దారం డబ్బా తెరిచాడు.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "దీంతో ఐదు నిమిషాలేనా?" అంది.

"అంతకన్నా తక్కువే అమ్మా" అన్నాడు వాడు.

ఆవిడ ఇంకేదో అనబోయి, పోపు మాడుతోందని లోపలికి వెళ్ళిపోయింది.