అంగడి చేతులు మారిననాడు

బసవేశ్వరుని బోధలో కాయకమనగా పొట్టకూటికై చేయు పని మాత్రమే కాదు. సత్యశుద్ధముగా పాటుపడి, వచ్చిన ఫలమును గురులింగజంగములకు నివేదించి, మిగిలినదానిని ప్రసాదముగా స్వీకరించుటయే కాయకము. ఇట్టి భావముతో నడపిన అంగడిని అమ్మవలసి వచ్చిననాడు కలుగు వేదన చిన్నది కాదు.

నలువది ఏండ్లు బట్టల అంగడిని నడపిన ఒక గృహస్థుని స్థితిని ఊహింపుడు. కుమారులు ఉద్యోగములకై దూరనగరములకు వెళ్లిరి. మోకాళ్లు సహకరింపవు. కొనువాడు దొరకెను, ధర కుదిరెను. అయినను తాళపుచెవులు అప్పగించు క్షణమున చేయి వణకును. మరునాడు పూజ ముగియగానే కాళ్లు అలవాటుగా బజారువైపు సాగును. బోర్డుపై క్రొత్త పేరు చూడగానే కన్ను చెమర్చును. ఇంటిలో ఎవరైన ధర సంగతి ఎత్తినచో కోపము వచ్చును. ఇది బలహీనత కాదు. ప్రేమతో చేసిన పనిని విడిచినపుడు మనస్సు కలతచెందుట సహజము. ఆ కన్నీరు ఎందులకు వచ్చినదో విచారించుటయే భక్తుడు చేయవలసిన పని.

విచారించినచో అందు రెండు దుఃఖములు కనబడును. ఒకటి, సేవ ఆగిపోయెనను దుఃఖము. రెండవది, 'నాది' అనుకొన్నది పోయెనను దుఃఖము. మొదటిదానికి మందు మరియొక కాయకము. రెండవదానికి మందు సమర్పణము.

12వ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని భండారమును నిర్వహించిన బసవేశ్వరుడు ధనము నడుమ నుండియు తాను కూడలసంగమదేవుని సేవకుడననియే తలచెను. కడపట కల్యాణమును విడిచి సంగమక్షేత్రమునకు తరలినపుడు ఆయన వెంట వెళ్లినది భండారము కాదు, భక్తి. స్థావరమునకును జంగమమునకును గల భేదము ఇదియే. గోడలు, బీరువాలు, బోర్డు స్థావరములు. నిజాయితీ, శ్రమ, దాసోహబుద్ధి జంగమములు. అమ్ముడుపోవునది మొదటిది మాత్రమే. అంగడి పోయినను అంగముపై లింగము పోదు.

మోళిగె మారయ్య కాశ్మీర ప్రభువై యుండి, రాజ్యము విడిచి కల్యాణమునకు వచ్చి కట్టెలమోపులు అమ్మి జీవించెనని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన సింహాసనమును వదలెను గాని కాయకమును వదలలేదు. పనిలో పెద్దచిన్నలు లేవని ఎరిగినవానికి గద్దె దిగుట అవమానము కాదు. కావున వ్యాపారము ముగించిన పెద్దలు ఊరక కూర్చుండరాదు. మఠమున లెక్కలు వ్రాయవచ్చును, దాసోహమున వడ్డింపవచ్చును, క్రొత్తగా అంగడి పెట్టిన యువకునకు సరకు ఎంపిక, అరువు ఇచ్చుటలో మెలకువ నేర్పవచ్చును.

ఇక చేతికి వచ్చిన సొమ్ము మాట. బియ్యపు గింజలు ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తేగా, ఆయన భార్య లక్కమ్మ ఆ అధికమును తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. ఆ తల్లి మాట నేటి గృహస్థులకును దారి చూపును. అమ్మకపు ధనమును మొదట అప్పులు తీర్చుటకు వినియోగింపవలెను. ఏండ్ల తరబడి తోడు నిలిచిన పనివారికి న్యాయముగా రావలసినది ఇచ్చి, వారిని ఉంచుకొనుమని కొనువానితో చెప్పవలెను. అంగడిలోని లోపములను దాచక తెలుపవలెను. అమ్మకముకూడ సత్యశుద్ధ కాయకమే. పిమ్మట వృద్ధాప్యమునకు వలసినంత ఉంచుకొని, శక్తికొలది దాసోహమునకు అర్పింపవలెను. ఇట్లు చేసినవానికి ధర తక్కువయ్యెనను చింత క్రమముగా తగ్గును.

కొన్నవాడు అంగడిని మార్చును. గోడలకు వేరే రంగు వేయును. వేరే సరకు తెచ్చును. దానిని చూచి నొచ్చుకొనక, అతని కాయకము ఫలించుగాక యని ఆశీర్వదించిననాడే అమ్మకము నిజముగా పూర్తియైనట్లు. అంతవరకు పత్రములపై మాత్రమే చేతులు మారినవి. మనస్సులోని తాళపుచెవినికూడ అప్పగించిన భక్తుడు తేలికపడిన చేతులతో ఇష్టలింగమును అరచేత నిలుపుకొని, ఆనాటి సేవకు నడుము కట్టును.

శరణు శరణార్థి.