పులస విషయమున మన ధర్మము

భోజనము రుచికి సంబంధించినదే కాని ధర్మమునకు సంబంధించినది కాదని తలచువారు మనలో పెక్కురు కలరు. మాంసాహారమా, శాకాహారమా యను వివాదము ప్రాచీనమైనది; దానిని మేమిచట ఎత్తుకొనము. చేప తినుట కంగీకరించిన గృహస్థునకు సైతము వేరొక ప్రశ్న మిగిలియున్నది. ఏ చేపను, ఏ కాలమున, ఎంత తినవలెను? ఈ ప్రశ్నకు పులసకంటె తగిన ఉదాహరణము తెలుగువారికి దొరకదు.

సముద్రమున విలస యని పేరొందిన మీనమే, వర్షాకాలమున గోదావరి ఎఱ్ఱనీరు కడలి కలియు వేళ, గ్రుడ్లు పెట్టుటకై ప్రవాహమునకెదురీది నదిలో ప్రవేశించి పులస యగుచున్నది. ఒడియావారి ఇలిశి, వంగీయుల ఇలిశ్ ఇదియే. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెతను మనవారు ఏ రాష్ట్రమున స్థిరపడినను మరువలేదు. యానామున ఒక్కొక్క చేప వేలకొలది రూపాయలకు అమ్ముడుపోవుచున్నది. చేప అరుదైనకొలది దాని గౌరవము హెచ్చుచున్నది. గౌరవము హెచ్చినకొలది దానికై వేయు వలలు హెచ్చుచున్నవి. అందును శనతో నిండిన ఆడ పులసపై మక్కువ మెండు. విత్తనపు గింజలను వండుకొని తిన్న రైతును మనము వివేకి యందుమా?

అయితే దోషమంతయు నాలుకదే యనుట న్యాయము కాదు. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. చేపల యాత్రకు అడ్డును పెట్టినది. గంగపై 1975లో ఫరక్కా బరాజు పనిచేయ నారంభించిన పిదప ఎగువ పట్టణములకు ఇలిశ్ రాక క్షీణించినది. ఆ నీటితో పండిన అన్నమును తినుచు ఆనకట్టను నిందించుట మనకు తగదు. కాని ఒకచోట నదికి ఋణపడినవారు మరియొకచోట మితము పాటింపవలసియుండును.

వన్యమైన చేప తరుగుచున్నచో పెంపకపు చేపను తినిన సరిపోవును గదా యని కొందరందురు. పులసను చెరువులలో పెంచి వ్యాపారముగా అందించుట నేటికిని సాధ్యపడలేదు. పాశ్చాత్యుల సాల్మన్ చేప సంగతి చూడుడు. అదియు పులసవలెనే కడలినుండి ఏటికి వచ్చి గ్రుడ్లు పెట్టును. నార్వే, స్కాట్లండు దేశములలో దానిని సముద్రమున వలపంజరములలో పెంచుదురు. ఆ పంజరములనుండి పేలవంటి పరాన్నజీవులు వన్యజాతికి సోకుట, తప్పించుకొన్న చేపలు వన్యజాతితో కలియుట, మేతకొరకు దూరతీరముల చిన్నచేపలను పిండిచేయుట అనుభవములోనికి వచ్చినవి. అలాస్కా రాష్ట్రము 1990లో అట్టి పెంపకమును నిషేధించినది. అచట ఏటికి వచ్చు చేపలను లెక్కించి, సంతతికి చాలినన్నింటిని ఎగువకు పోనిచ్చి, మిగిలినవానిని పట్టుట పద్ధతి. పెంపకము పుణ్యము, వేట పాపమను విభజన నిలువదని దీనివలన తేటపడుచున్నది.

మన దేశమునను అంతియే. కొల్లేటి పరిసరముల చెరువులలో శీలావతి, బొచ్చె చేపలు ముఖ్యముగా తవుడు, పిండిచెక్కలతో పెరుగును. వాని మేతకై కడలిని గాలింపనక్కరలేదు. ఇది మేలే. కాని ఆ చెరువులే కొల్లేటిని ఆక్రమింపగా 2006లో అభయారణ్యములోని గట్లను తెగగొట్టవలసివచ్చినది. రొయ్యల చెరువులవలన తీరపు పొలములును త్రాగునీరును చెడుచున్నవని 1996లో సుప్రీంకోర్టు వానికి కట్టడి విధించినది. కావున చేప ఎక్కడ పెరిగినది, ఏమి తిని పెరిగినది, ఎవరి నీటిని చెరచినది యని అడుగుట కొనువాని విధి.

ఇక మితమునకు ఫలమున్నదా యన్నచో, బంగ్లాదేశమును చూడవచ్చును. అచట శరదృతువున గ్రుడ్లు పెట్టు వేళ 22 దినములు ఇలిశ్ వేటను ఆపుదురు. పిల్లచేపలను పట్టుటను నెలలతరబడి నిషేధింతురు. ఆ కాలమున జాలరి కుటుంబములకు ప్రభుత్వము బియ్యమిచ్చును. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులుగానున్న పట్టుబడి 2017-18 నాటికి 5 లక్షల టన్నులు దాటినది. నిషేధమొక్కటే కారణము కాకపోవచ్చును. అయినను దానిని త్రోసిపుచ్చలేము. మన తూర్పుతీరమున సముద్రపు వేటకు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు విరామము కలదు. అది పులస ఏరెక్కు ఋతువునకు ముందే ముగియుచున్నది.

ఇచట మరువరాని భేదమొకటి కలదు. తినువాడు మానుకొనునది రుచి. పట్టువాడు మానుకొనునది కూడు. రెండును సమానములు కావు. గోదావరి పాయలపై బ్రతుకు జాలరికి నీతి బోధించుటకు ముందు, దూరమున సుఖముగానుండి అధికమూల్యమిచ్చి కొను మనమే ముందుగా మితము పాటించుట న్యాయము. జాలరికి విరామకాలమున బత్యము లభింపవలెనని కోరుటయు మన విధిలోనిదే.

పులసను బొత్తిగా విడువుడని మేము చెప్పుట లేదు. పిల్లచేపలను కొనకుందము. శనచేపకై పోటీపడకుందము. విందులలో ప్రతిష్ఠకై పులసను వడ్డించుట మాని, గట్టు మీరని చెరువులో పెరిగిన బొచ్చెతో తృప్తిపడుదము. ఒడిశా తీరమునుండి మంచుగడ్డలలో వచ్చిన విలసను గోదావరి పులసయని నమ్మి అధికమూల్యమిచ్చుటవలన గోదావరికి గాని మనకు గాని కలుగు మేలేమియు లేదు. భాషను పిల్లలకందింపవలెనని మనము పడు శ్రమ ఎల్లరెరిగినదే. పులస యను మాటను వారికి నేర్పి, ఆ మీనమును మాత్రము నదిలో మిగుల్పకపోయినచో, మనమందించినది సగమే యగును.