గాయపడిన మెదడు - మనిషి విలువ

ప్రగతి నగర్‌లో మా వీధి చివరి అపార్టుమెంటుకు సిమెంటు పూత వేస్తూ ఒక తాపీమేస్త్రి పరంజా మీదనుంచి పడిపోయాడు. ప్రాణం దక్కింది. కాలూ చెయ్యీ ఆడుతున్నాయి. కాని అతను పని మొదలుపెట్టి మధ్యలో మరచిపోతాడు. ఎన్నడూ నోరెత్తని మనిషి ఇప్పుడు చీటికిమాటికి కేకలు వేస్తాడు. "మనిషైతే ఉన్నడు సారూ, గని ఆ మనిషి కాదు" అన్నది అతని భార్య. పాలమూరు నుంచి పొట్ట చేత పట్టుకొని వచ్చిన ఆ ఇల్లాలి మాటలో తత్వశాస్త్రం ఏనాడూ తేల్చుకోలేని ప్రశ్న ఒకటి ఇమిడి వుంది. మనిషిని "ఆ మనిషి"గా నిలిపేది ఏది?

ఆత్మ అని జవాబు చెప్పి తప్పుకున్నవారు అన్ని కాలాల్లోనూ వున్నారు. శాస్త్రం అంత తేలికగా తప్పుకోలేదు. మాట పడిపోయిన ఒక రోగి చనిపోయిన తర్వాత ఫ్రెంచి వైద్యుడు బ్రోకా అతని మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బతిన్న చోటును 1861లో లోకానికి చూపాడు. ఫలానా శక్తికి ఫలానా చోటు అని పటం గీయడం అప్పటినుంచి ఊపందుకున్నది. నేటి విజ్ఞానం మరొక అడుగు ముందుకు వేసింది. చోట్లు ఎంత ముఖ్యమో, వాటిని కలిపే దారులూ అంత ముఖ్యం. మెదడు భాగాలను ఊళ్లుగానూ, నాడీతంతువులను బాటలుగానూ భావించి కంప్యూటరులో నమూనా కడతారు. అందులో ఒక ఊరిని చెరిపివేసి, మిగిలిన ఊళ్ల మధ్య రాకపోకలు ఎట్లా మారుతాయో లెక్క వేస్తారు. ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన స్పోర్న్స్ ప్రభృతులు 2009లో ఈ పనే చేసి, గాయం ఒకచోట తగిలితే సమన్వయం ఎంతో దూరాన కూడా చెడగలదని చూపారు. మన గచ్చిబౌలి త్రిబుల్ ఐటీలో ఆచార్య సూరంపూడి బాపిరాజు, ఆయన సహచరులు, ఈ బాటల నిర్మాణాన్ని బట్టి మెదడు భాగాల సమన్వయాన్ని గణితంతో అంచనా వేసే నమూనాను 2018లో ప్రచురించారు.

కనుక మేస్త్రి కోపం దుర్గుణం కాదు; మరపు సోమరితనం కాదు. నింద వేసేముందు ఆగమని ఈ నమూనాలు మనకు నేర్పుతున్నాయి. అయితే ఇక్కడే ఒక ప్రమాదం పొంచివుంది. "మనిషంటే ఈ అల్లికే, అల్లిక చెడింది, ఇక మనిషి లేడు" అని ముగించేవారు వుంటారు. పైకి ఇది భౌతికవాదంలాగే కనిపిస్తుంది. నిజానికిది సగం భౌతికవాదం. అల్లిక ఎట్లా ఏర్పడిందని అది అడగదు.

పంజాగుట్ట నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, మతి క్షీణించే జబ్బు సోకిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర యేళ్లు ఆలస్యంగా బయటపడింది. అక్షరం రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. మెదడుకు పక్షవాతపు దెబ్బ తగిలిన 608 మంది వివరాలను 2016లో ప్రచురించారు. ఆలోచనాశక్తి చెడకుండా నిలిచినవారు బహుభాషీయుల్లో 40.5 శాతం, ఏకభాషీయుల్లో 19.6 శాతం. భాషే కారణమని ఈ అంకెలు నిస్సందేహంగా రుజువు చేయవు. ఇతర దేశాల అధ్యయనాలన్నీ దీనితో ఏకీభవించలేదు కూడా. అయినా ఒక సంగతి ఆలోచించదగినది. ఈ నగరంలో తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడటం సామాన్యుడు బడిలో కొనుక్కున్న విద్య కాదు. సంతలో బేరమాడుతూ, పనిలో పక్కవాడిని పిలుస్తూ నేర్చుకున్నది. పుర్రెలోపలి బాటలకు బయటి బజారు కూడా రాళ్లెత్తి వుండవచ్చునన్నమాట.

మెదడు అల్లికలో సమాజం చెయ్యి వున్నప్పుడు, అది తెగిన నష్టం ఒక్క కుటుంబానిదే ఎట్లా అవుతుంది? 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం, బొటనవేలు పోతే సంపాదనాశక్తిలో 30 శాతం నష్టమని పట్టిక కట్టింది. పట్టికలో లేని గాయానికి వైద్యుడు అంచనా కట్టాలన్నది. ఏమీ లేకపోవడం కన్న అది మేలే. కాని దాని తూకపురాయి సంపాదన. తెగిన వేలు కంటికి కనబడుతుంది. తెగిన నాడీబాట కనబడదు. కనుకనే మన మేస్త్రి పరిహారం అడిగితే, కాలూ చెయ్యీ బాగానే వున్నాయిగదా అంటారు. పని అడిగితే, బుర్ర పనిచేయదుగదా అంటారు.

అతను మారలేదని మనం బుకాయించనక్కరలేదు. మారాడు. అయితే తెగిన బాటకు పక్కదారులను మెదడు కొంతవరకు వెతుక్కోగలదు. అందుకు రోజూ మాట కావాలి, అభ్యాసం కావాలి, ఓపికగల మనుషులు కావాలి. కూలి మానుకొని కిరాయి గదిలో కూర్చున్న భార్య ఒక్కతే వీటన్నిటినీ సమకూర్చలేదు. ఏ దారి తెగిందో నమూనా చెప్పగలదు. ఆ మనిషితో మనకేమి సంబంధమో చెప్పడం దాని పని కాదు. సిమెంటూ ఇనుమూ భవనం ఖర్చులో చేరినట్లే, దాన్ని కడుతూ పడిపోయినవాడి చికిత్సా, అభ్యాసమూ, జీవనమూ ఆ ఖర్చులో చేరవలసిందే.