అంతములేని యాట

పిచ్చుకగూడు కట్టు బాలుని నెవ్వరును ఓడింపజాలరు. చిత్రావతి యిసుకలో పాదముంచి, పైని తడియిసుక తట్టి, మెల్లగా కాలు లాగికొనును. గూడు నిలిచిన సంతోషము. కూలిన మరల కట్టును. ఇట్టి యాటయే నేడు యంత్రములోనికి బోయినది. 2009లో స్వీడనుదేశీయుడగు మార్కస్ పెర్సన్ వెలువరించిన మైన్‌క్రాఫ్టును గూర్చి చెప్పుచున్నాము. 2011లో నది పూర్ణరూపము దాల్చెను. 2014లో మైక్రోసాఫ్టువారు దాని సంస్థను 250 కోట్ల డాలర్లకు గొనిరి. 2023 నాటికి 30 కోట్ల ప్రతు లమ్ముడుపోయినవి.

చూపునకు దానియందు సొగసు లేదు. చెట్టును దిమ్మెయే, మేకయు దిమ్మెయే. ఏటేట క్రొత్తయాటలు పుట్టి గిట్టుచుండగా నిది యేల నిలిచినది? అప్పటప్పటి చేర్పులవలన నని కొందఱందురు. అవియు కొంత పనిచేయును గాని, గెలుపు లక్ష్యముగా లేకుండుటయే ప్రధానహేతువని మా తలంపు. అందు ఱెక్కల మహాసర్పమును జంపు ఘట్ట మొకటి కలదు. చంపిన పిదపను లోకము ముగియదు. బాలుడు సగము విడిచిన గోడయొద్దకు మరలివచ్చును.

హిందూపురమునకు సమీపమున లేపాక్షికి బోయిన చదువరు లీ సంగతి నెఱుగుదురు. పెనుకొండలో నధికారము నెఱపిన విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు 16వ శతాబ్దమున గట్టించిన యా వీరభద్రాలయమున కల్యాణమండపము నేటికిని అసంపూర్ణము. పూర్తియైన మండపమును మెచ్చి ముందునకు సాగువారే, పైకప్పులేని యా స్తంభములనడుమ నిలిచి, మిగిలినదానిని మనసులో గట్టుకొందురు. లతామండపపు స్తంభములమీది తీగె లన్ననో మన నేతగాండ్రచేతులలో చీరల యంచులకెక్కి నేటికిని సాగుచున్నవి.

అయిన నీ పోలికను మిక్కిలి సాగదీయరాదు. ధర్మవరపు నేతగాడు తన యిచ్చకొలది నేయడు. షావుకారు కోరిన యంచు నేయును. చీర ముగిసినగాని కూలి చేతికి రాదు. నేతగానికి అక్కఱ కలదు, స్వేచ్ఛ లేదు. బాలునకు స్వేచ్ఛ కలదు, అక్కఱ లేదు. మగ్గముప్రక్కనే ఫోను పట్టిన కొడుకును తండ్రి “పనికిమాలిన యాట” యని గద్దించుట యిందుచేతనే. ఆ కోపము మాకు తెలియును. ఆ తీర్పు మాత్రము మాకు సమ్మతము కాదు. ఏమి కట్టవలెనో, ఎంత కట్టవలెనో బాలుడు తనంతట నిశ్చయించుకొనుట కా యాటలో చోటున్నది. ప్రశ్నయు జవాబును ముందే యచ్చువేసిన మన చదువులో నట్టి చోటెక్కడ?

తండ్రి భయములో నొక్కటి నిజము. చిత్రావతి యొడ్డున చీకటిపడగానే పిల్లలు గూళ్లు విడిచి యింటికి వత్తురు. ఈ యాటలో పగలును రేయియు గలిసి 20 నిమిషములే. చీకటిపడిన కొంతసేపటికే మరల తెల్లవాఱును. గెలుపు ముగింపు కానిచోట “చాలు” నను మాట యాటనుండి రాదు, ఇంటివారే చెప్పవలెను. ఫోను లాగికొనుటకు ముందు, ఆ తెరమీద సగము లేచిన దేమిటో యొక్కసారి యడిగినచో, ఆ మాట బాలునకు కొంత వినబడునేమో.