బల్లయొద్ద కూర్చుండువారి భారము



మన పల్లెలలో చదువుకొనిన బిడ్డకు కచేరీలో ఉద్యోగము దొరికినయెడల, అది నీడపట్టున కూర్చుండి చేయు పని యని మనము సంతోషింతుము. చేతులు కాయలు కాయవు, నిజమే. గాని ఆ పనిలో హృదయము మోయు బరువెంతో మనము తలంచుట లేదు.

తహశీల్దారు కార్యాలయములోని జూనియరు అసిస్టెంటును చూడుడి. ధ్రువపత్రము ఆలస్యమైనదని ఒకడు, పాసుపుస్తకములో సర్వే నంబరు తప్పు పడినదని మరియొకడు, సర్వరు పనిచేయక మూడు మారులు తిరిగితినని ఒక వృద్ధురాలు, అందరును మొదట ఆ బల్లయొద్దనే కోపపడుదురు. నిర్ణయము ఆ గుమాస్తాది కాదు, సంతకమును కాదు. లోపలినుండి అధికారి గద్దింపు, బయటనుండి జనుల దూషణ. ఇంట బిడ్డకు జ్వరముగా నున్నను ముఖము ప్రశాంతముగా నుంచుకొనవలెను. అమెరికా దేశపు సామాజిక శాస్త్రజ్ఞురాలు ఆర్లీ హోక్‌షీల్డ్ విమానములలో ప్రయాణికులకు సేవచేయువారిని పరిశీలించి, జీతముకొరకు మనోభావములను అదుపు చేసికొనుటయు ఒక శ్రమయే యని 1983లో వెలువడిన తన గ్రంథములో చూపెను.

లోపల దుఃఖముండగా పైకి చిరునవ్వు చూపుట కపటము కాదా యని కొందరడుగుదురు. కపటము ఎదుటివానిని మోసగించి తన లాభము చూచుకొనును. ఈ నెమ్మదియో, ఆ వృద్ధురాలు భయపడక తన సంగతి చెప్పుకొనవలెనని కోరును. గనుక ఇది అబద్ధము కాదు. అయినను ఎక్కడను విప్పి చెప్పుకొనని దుఃఖము మనిషిని లోలోపల తినివేయును. పగలంతయు అణచుకొనిన కోపము సాయంకాలము ఇంటివారిమీద పడును.

యిర్మీయా ప్రవక్తకు బారూకు అను లేఖకుడుండెను. ప్రవక్త చెప్పినదంతయు అతడు సిరాతో గ్రంథపుచుట్టలో వ్రాసెను. ప్రవక్త వెళ్లలేనందున దేవాలయములో తానే చదివెను. యెహోయాకీము రాజు ఎదుట ఆ చుట్ట చాకుతో కోయబడి కుంపటిలో కాలిపోయెను. రాజు వారిద్దరిని పట్టుకొన నాజ్ఞాపించెను. బారూకు అంతయు మరల వ్రాయవలసివచ్చెను. మాటలు ప్రవక్తవి, కోపము రాజుది, వ్రాతపని బారూకుది.

అయితే అదే గ్రంథములో 45వ అధ్యాయము కలదు. అయిదే వచనములు, అవి బారూకు కొరకే. అతడు తన అలసటను, మూలుగును దాచలేదు. అవి చిన్న ఉద్యోగి మాటలని దేవుడు త్రోసివేయలేదు. గొప్ప పదవి ఇత్తుననియు చెప్పలేదు; అట్టివి వెదకవద్దనెను. ఎక్కడికి వెళ్లినను అతని ప్రాణమును కాపాడుదునని మాట ఇచ్చెను. ప్రవక్తయే ఆ మాట తన లేఖకునికి తెలిపెను. యజమానుడు సేవకుని మూలుగు వినవలసిన విధమిదియే.

గనుక బల్లయొద్ద కూర్చుండు సహోదరీ, సహోదరుడా, కచేరీలో నెమ్మది వహించుము. గాని ఇంటికి వచ్చిన తరువాత నమ్మదగిన యొకరితో నీ భారము చెప్పుకొనుము. మూలుగుట అవిశ్వాసము కాదు.

కాగితము పట్టుకొని కచేరీకి వెళ్లు మనమును, ఫిర్యాదు ఉన్నయెడల దానిని అధికారికే విన్నవింతము. గుమాస్తాను ముందుగా పలుకరించి క్షేమమడుగుదము. అందుకు రుసుము లేదు, రసీదును లేదు. గాని ఆ దినమంతటిలో ఆ మనిషి విన్న మంచిమాట అది యొక్కటే కావచ్చును.