నింగిలో భూతయజ్ఞం

2015 డిసెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని జిన్నియా మొక్కలకు జబ్బు చేసింది. భూమ్మీద పోసిన నీరు వేళ్లకు దిగుతుంది. అక్కడ దేనికీ బరువు తెలియదు కనుక నీరు ఎక్కడ పడితే అక్కడే అంటుకుని ఉండిపోతుంది. తడి ఆరక ఆకుల అంచులు ముడుచుకున్నాయి, బూజు పట్టింది. గాలి ఆడాలని ఫ్యాను వేగం పెంచితే మొక్కలు వడలిపోయాయి.

కమాండర్ స్కాట్ కెల్లీ వాటి వాలకం గమనించాడు. పట్టికలో నీళ్లు పోయాల్సిన రోజు ఇంకా రాలేదు. ఇప్పుడే పోయాలని క్రిస్మస్ ముందు రోజు భూమికి కబురు చేశాడు. పెరట్లో గడ్డిని చూసి తడి పెట్టాలో లేదో తేల్చుకుంటాం కదా, ఇక్కడా ఆ నిర్ణయం మొక్క పక్కన ఉన్నవాడికే వదలాలన్నాడు. నాసా శాస్త్రవేత్తలు ఒప్పుకుని, ఒక్క పేజీ సూచనలు పంపి, మొక్కల్ని అతని చేతుల్లో పెట్టారు. రెండు చనిపోయాయి. మిగిలినవి జనవరిలో నారింజ రంగు పూలు పూశాయి.

ఆ ఒక్క పేజీ నన్ను కదిలిస్తుంది. అంత పెద్ద సంస్థ ఒక మనిషి చూపును నమ్మింది.

మన పెద్దలు గృహస్థుకు విధించిన పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. తన భాగంలోంచి సాటి ప్రాణికి పెట్టడం. దాన్ని మనం దానమనే అనుకుంటాం. పెట్టేవాడి మనసు తననుంచి కాసేపు బయటపడటమే అందులో గొప్ప ఫలమని నా నమ్మకం. గడియారం చూసి పోసే నీరు పని, ఆకు చూసి పోసే నీరు ఉపాసన. లోహపు గోడల మధ్య, యంత్రాల హోరులో, రోజుకు 16 సూర్యోదయాలు చూస్తూ కెల్లీ ఆ యాత్రలో 340 రోజులు గడిపాడు. జిన్నియాలకు జబ్బు చేయడానికి కొద్ది నెలల ముందే అక్కడే పండిన లెట్యూస్ ఆకుల్ని సహచరులతో కలిసి తిన్నాడు. జిన్నియాలు కడుపు నింపేవి కావు. వాటికోసం పడిన తపన మాత్రం అతనిదే.

2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ60 వెంట ఇస్రో పంపిన అలసందలు నాలుగు రోజుల్లో మొలకెత్తాయి. ఆ పెట్టె దగ్గర మనిషి లేడు, కెమెరాలే కాపలా. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో మెంతులు, పెసలు మొలకెత్తించాడు. రేపు మనవాళ్లు నెలల తరబడి పైన ఉండే రోజు వస్తే, ప్రయోగాల పట్టికకు ఎక్కని ఒక మొక్కను కూడా వారికి అప్పగించాలని, దాని మంచిచెడ్డలు పూర్తిగా వారికే వదిలేయాలని నా కోరిక.